నలభై ఒకటికి నలభై రెండు

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మా ఆఫీసు నుంచి అడిగారు. రాసి పంపాను: "కూడే ముందు ఒకసారి ఆగండి." సరిగ్గా నాలుగు. ఇంకొంచెం వివరంగా కావాలన్నారు. చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ. అడిగినంత ఇచ్చినా సరిపోదు.

సరే, వివరంగానే రాస్తాను. అయితే నాకు ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు లేదు. ఈ రెండు ముక్కలు రాసే లోపల రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. "ఎవరొస్తారని ఆ చూపు?" అంది మా ఆవిడ. ఎవరూ రారు. ఇన్నేళ్ళూ రావలసినవి వచ్చాయా లేదా అని కాచుకుని ఉండటమే నా ఉద్యోగం. రిటైరై ఏడాది దాటినా ఒళ్ళు ఆ సంగతి ఒప్పుకోవడం లేదు.

నా పేరు నాంచారయ్య. మాది బందరు. మచిలీపట్నమని బోర్డుల మీద రాస్తారుగాని, ఆ పేరుతో పిలిస్తే మా ఊరు పలకదు. చదువు ఎనిమిదో తరగతిలో సగం. అయినా చివరి పద్దెనిమిదేళ్ళు ఒక చిన్న కంపెనీలో డేటా పని చేశాను. గుడివాడ వైపు చేపల చెరువుల నుంచి, దివిసీమలో పడవల రేవుల నుంచి వచ్చే అంకెల్ని పోగుచేసి, కూడి, పైకి పంపే పని. నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఇంజనీర్లు. నన్నెందుకు ఉంచుకున్నారంటే, వాళ్ళకి సర్వర్లు తెలుసు, నాకు రేవులు తెలుసు. సర్వరు పడిపోతే లేపడానికి పదిమంది ఉంటారు. రేవులో మనిషి ఫోనెత్తకపోతే ఎవరి ఫోనుకి చెయ్యాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మురుగు కాలవ

ఈ పనిని మా వాళ్ళు పైప్‌లైన్ అంటారు. నేను మురుగు కాలవ అనేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్ళు మొహం చిట్లించేవారు. వెటకారం కాదు, నిజంగానే అదే.

మన డెల్టాలో నీళ్ళకి రెండు దారులున్నాయి. ఇచ్చే దారి ఒకటి: పెద్ద కాలవలోంచి పిల్ల కాలవ, అందులోంచి బోదె, బోదెలోంచి మడి. తీసుకెళ్ళే దారి ఇంకొకటి: మడిలోంచి వచ్చిన మురుగు చిన్న కాలవలో పడి, అలాంటివి పది కలిసి పెద్ద డ్రెయిను అయి, చివరికి సముద్రం. మన పైప్‌లైను ఈ రెండో రకం. వంద చోట్ల పుట్టిన అంకెలన్నీ ఒక్క మిషను మొయ్యలేదు. అందుకని ఎక్కడివి అక్కడే కూడుకుని, ఆ కూడికల్ని తెచ్చి మళ్ళీ ఒకచోట కూడతారు. అంతే. ఇది మీకు కాలేజీలో ఒక సెమిస్టరు చెప్పి ఉంటారు. నాకు నాలుగు వాక్యాలు పట్టింది. తప్పులు చెయ్యడానికి మాత్రం నాకూ మీకూ సమానంగానే టైం పడుతుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పెద్ద డ్రెయిన్లో కలిసిపోయిన నీళ్ళలోంచి ఇవి ఫలానావాళ్ళ చేలో నీళ్ళని ఎవడూ తియ్యలేడు. కూడేసిన అంకె కూడా అంతే. ఈ ముక్క నాకు చిలకలపూడిలోనే తెలిసింది. తెలిసీ మర్చిపోయాను. మర్చిపోయినందుకు ఏమైందో చెప్పడానికే ఇదంతా.

అన్ని చేతులకీ సరిపోలేదు

బడి మానేశాక మొదట చేరింది చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గాజుల కొట్టులో. గాజు మొత్తం ఒకేచోట తయారవుతుందనుకుంటారు. కాదు. ఒక ఇంట్లో తీగ, ఇంకో ఇంట్లో రాళ్ళు పొదగడం, మరో ఇంట్లో మెరుగు. అన్ని ఇళ్ళకీ తిరిగి అయినవి తెచ్చి, మొత్తం ఎన్నయ్యాయో యజమాని కోటేశ్వరరావు గారికి చెప్పడం నా పని. ఇప్పుడు ఇంజనీర్లు పెద్ద పేరు పెట్టి చేస్తున్నది ఇదే. నేను సైకిలు మీద చేశాను.

ఒకసారి గుడివాడ నుంచి పెళ్ళివారి ఆర్డరొచ్చింది. ఇరవై డజన్లు, సగం చిన్న సైజు, సగం పెద్ద సైజు. నేను ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంటి దగ్గరా ఎన్నో అడిగి, మనసులోనే కూడుకుంటూ వచ్చాను. సరిగ్గా ఇరవై డజన్లు! గొప్పగా వెళ్ళి చెప్పాను. ఆయన పెట్టె విప్పి చూశారు. పదిహేను డజన్లు చిన్నవి, అయిదు డజన్లు పెద్దవి.

"మొత్తం సరిపోయిందిరా నాంచారయ్యా," అన్నారాయన చాలా నెమ్మదిగా. "పెద్ద చేతులకి మాత్రం సరిపోలేదు."

"మొత్తమేగదండీ మీరడిగింది."

"నేను మొత్తమే అడుగుతాన్రా. యజమానిని, నాకు ఓపికుండదు. వివరం నీ దగ్గరుండాలి."

నలభై ఏళ్ళ కిందట మనిషి, కంప్యూటరు మొహం చూడనివాడు, ఈ ఉద్యోగం మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు. పైవాడు మొత్తమే అడుగుతాడు. వివరం మన దగ్గరుండాలి.

గుడివాడ చేప బరువు

తరవాత ఫోను బూత్ నడిపాను, టైపింగ్ కొట్టులో కూర్చున్నాను, అక్కడే కంప్యూటరు తగులుకుంది. అవన్నీ వదిలేద్దాం. కంపెనీలో చేరాక గుడివాడ చెరువుల దగ్గర చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

చేప ఎంత పెరిగిందో తెలియాలంటే చెరువులో వల వేసి కొన్నిటిని పట్టి, తూచి, మళ్ళీ వదిలేస్తారు. ఆ సగటు బరువును బట్టి మేత. ఒక పెద్ద చెరువుకి ఆ రోజు ఇద్దరు మనుషులు రెండు మూలల నుంచి వల వేశారు. ఒకడికి గట్టు పక్కన అయిదు చేపలు పడ్డాయి. చిన్నవి, సగటు నాలుగొందల గ్రాములు. రెండోవాడికి నడి చెరువులో యాభై పడ్డాయి, సగటు కిలో. ఇద్దరూ ఫోన్లో సగటు మాత్రమే పంపారు. అలా పంపమని చెప్పింది నేనే. నా పైప్‌లైను ఆ రెండు సగట్లకీ మళ్ళీ సగటు తీసి ఏడొందలని తేల్చింది. నిజంగా యాభై అయిదు చేపల్నీ కలిపి చూస్తే తొమ్మిదొందల నలభై అయిదు. ఏడొందల గ్రాముల చేపకి సరిపడా మేత వేశారు. పది రోజులపాటు చెరువంతా ఉపవాసం.

ఆ చెరువుల మేనేజరు చలపతిరావు గారు ఫోన్ చేశారు. "ఏవండీ నాంచారయ్య గారూ, మీ కంప్యూటరు కార్తీకమాసం చేస్తోందా? మా చేపలచేత కూడా చేయిస్తోంది."

సగటుకి కాళ్ళుండవు. దాన్ని ప్రయాణం చేయించకూడదు. మొత్తం బరువొకటి, ఎన్ని చేపలన్నదొకటి, ఈ రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని చివరిదాకా రావాలి. భాగించడం ఆఖర్న, ఒక్కసారి. అలాగే తూచేవాడు ఆ రోజు రాకపోతే నా పాత ప్రోగ్రాము సున్నా వేసుకునేది. చేప బరువు సున్నా అంటే చేప లేదని. కబురు రాకపోవడం వేరు, ఏమీ లేకపోవడం వేరు. ఇలాంటివి చెప్తే అందరూ "అవునండీ" అంటారు. చేసేటప్పుడు అందరూ నాలాగే చేస్తారు.

ఇవి నవ్వుకోడానికి బాగుంటాయి. ఆకలేసింది చేపలకి కాబట్టి నవ్వాం. ఇంకోటుంది. దాని కోసమే ఇందాకటి నుంచి లేస్తున్నాను, కూర్చుంటున్నాను.

వేలు పెట్టి లెక్కపెట్టకూడదు

దివిసీమ చివర, పాలకాయతిప్ప వైపు, పల్లెల్లో పడవలవాళ్ళున్నారు. తుపాను హెచ్చరిక వస్తే వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయో లేదో తేల్చాలి. రాకపోతే వెతకడానికి అధికారుల దగ్గర పెద్ద బోటు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఏ రేవు నుంచి ఎన్ని వెళ్ళాయి, ఎన్ని వచ్చాయి, ఇది పోగుచేసి వాళ్ళకి చెప్పే పని మా కంపెనీకి వచ్చింది. రేవుకొక మనిషి, మనిషికొక ఫోను. పడవ ఒడ్డుకి రాగానే ఒకసారి నొక్కాలి. రేవు మొత్తం మా బందరు ఆఫీసుకొస్తుంది. అన్ని రేవుల మొత్తం గోడ మీద తెరపై పడుతుంది.

దీన్ని ఎలా కట్టాలో మాట్లాడటానికి మా మేనేజరు రత్నకుమారి గారు, నేను అందులో ఒక పల్లెకి వెళ్ళాం. ఆవిడ పెద్ద చదువు చదివిన మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మాట తక్కువ. నేను రెండు నిమిషాల్లో వేసే నాలుగు జోకులకి ఒకదానికి, అదీ మర్నాడు, నవ్వేది.

రేవులో చేపలమ్మే తిరుపతమ్మ అక్కడి ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడింది. ఆమె భర్త పోతురాజుకి సొంత పడవుంది. మేం చెప్పిందంతా విని, తట్ట మీద చెయ్యేసి అంది:

"పడవల్ని వేలు పెట్టి లెక్కెట్టకూడదన్నయ్యా. దిష్టి. మేం ఎప్పుడూ ఎన్నొచ్చాయి అనం. ఎవరొచ్చారు అంటాం. వరసనే ఇంటిపేర్లు చదువుకుంటాం."

"మీరు పేర్లు చదువుకుంటూ ఉంటే తుపాను వచ్చి వెళ్ళిపోద్ది తిరుపతమ్మా," అన్నాను. "ఇక్కడి సిగ్నలు చూశావా? ఒక అంకె మొయ్యడానికే ఆయాసపడుతోంది. పేర్లు కూడా ఎక్కిస్తే నడుం విరుగుద్ది."

అందరూ నవ్వారు. రత్నకుమారి గారు నవ్వలేదు. "ఒకే పడవ రెండు రేవుల్లో పడితే ఎలాగండీ?" అన్నారు.

"పడవకేమైనా రెక్కలా మేడమ్, ఇక్కడో కాసేపు అక్కడో కాసేపు వాలడానికి?"

ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వులో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది.

పిల్లలూ, హాస్యమాడేవాడు గుంపులో ఉంటే పని సరదాగా సాగుతుంది, కాదనను. కాని నవ్వొచ్చిన ప్రశ్నని కాగితం మీద రాసిపెట్టుకోండి. జవాబు దొరికిన ప్రశ్నకి ఎవరూ అంతలా నవ్వరు.

హల్వా ముక్క

మరుసటి ఏడాది తుపాను కబురొచ్చింది. ఆ వైపు రేవుల నుంచి నలభై ఒక్క పడవలు సముద్రంలో ఉన్నాయి. పొద్దున్నే అందరికీ కబురు వెళ్ళింది, వెనక్కి రమ్మని.

ఆ రోజు నేనొక తెలివైన పని చేశాను. మామూలు రోజుల్లో పడవల్ని లెక్కపెట్టేది లోపలి రేవుల్లోనే, చేపలు దించే చోట. అక్కడికి రావాలంటే కాలవ సముద్రంలో కలిసే చోటు, మొగ, అందులో దూరి లోపలికి రావాలి. కబురు గంట ముందు తెలుస్తుంది గదా అని మొగ దగ్గర కూడా ఒక మనిషికి ఫోనిచ్చి కూర్చోబెట్టాను. "ఇక్కడ కట్టేసిన పడవలకి నువ్వు నొక్కు. ఆగకుండా లోపలికి వెళ్ళేవాటిని లోపలివాళ్ళు నొక్కుతారు" అని చెప్పాను. ఎంత చక్కని పంపకం! ఎవరి వాటా వాళ్ళది.

పదకొండింటికి పన్నెండు. ఒంటిగంటకి ఇరవై తొమ్మిది. నేను కుర్చీలో కూర్చోలేదు, తెర ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మూడు దాటాక నలభై. మూడున్నరకి నలభై ఒకటి. తెర పచ్చబడింది.

ఆఫీసంతా చప్పట్లు. రత్నకుమారి గారు అధికారులకి ఫోన్ చేసి, "అన్నీ వచ్చేశాయండీ, నలభై ఒకటికి నలభై ఒకటి" అని చెప్పారు. వెతికే బోటుని లోపల కట్టేసుకోమని వాళ్ళు చెప్పారట. రేవుల్లో మైకులో కూడా చెప్పించారు. ఎవరో హల్వా తెచ్చారు. నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఫోను మోగింది. తిరుపతమ్మ.

"లెక్కలన్నయ్యా, మా పడవ ఏ రేవుకొచ్చింది?"

"అన్నీ వచ్చేశాయమ్మా. నలభై ఒకటికి నలభై ఒకటి."

"నలభై ఒకటి ఎవరిక్కావాలన్నయ్యా? మా ఆయనొచ్చాడా?"

నోట్లో హల్వా అలాగే ఉంది. తెర వైపు చూశాను. పచ్చగా, పెద్దగా, నలభై ఒకటి. దాని వెనక ఒక్క పేరు లేదు. పేర్లు బరువని దించేసింది నేనే. ఏ మిషనులో వెతికినా అంకెలే. రేవు మొత్తాలు, వాటి మొత్తం. పెద్ద డ్రెయినులో నీళ్ళు.

"చూసి చెప్తానమ్మా," అన్నాను.

"చూడ్డానికి నీ దగ్గరేవుందన్నయ్యా?" అంది. కోపం లేదు గొంతులో. కోపమున్నా బాగుండేది.

ముందు తప్పని చెబుదాం

రత్నకుమారి గారి దగ్గరికి వెళ్ళాను. పోతురాజు పడవ రాలేదంటున్నారు, లెక్క మాత్రం సరిపోయింది అన్నాను.

"ఎంతమంది?"

"నలుగురు మేడమ్. ఒక పావుగంట టైమివ్వండి. సరిచూసుకుని అప్పుడు చెబుదాం. ఆమే పొరపడిందేమో. పడవ వేరే రేవుకెళ్ళి ఉండొచ్చు."

ఆవిడ అప్పటికే ఫోను తీసుకున్నారు. "మీరు సరిచూసే లోపు చీకటి పడుతుంది నాంచారయ్య గారూ. ముందు తప్పని చెబుదాం. ఎంత తప్పో తరవాత చెబుదాం."

నా ఎదురుగానే అధికారులకి చెప్పారు. "మా లెక్క తప్పండీ. ఒక పడవ రాలేదు. నలుగురు మనుషులు. దయచేసి బోటు మళ్ళీ తియ్యండి." అవతల ఎవరో గట్టిగా అరుస్తున్నది నాకూ వినపడింది. ఆవిడ విని, "అవునండీ, తప్పు మాదే" అని పెట్టేశారు. నా పేరెత్తలేదు.

నేను చాలామంది పైఅధికార్ల కింద పనిచేశాను. తప్పుని దాచేవాళ్ళని చూశాను, పంచేవాళ్ళని చూశాను. తెలియకముందే తప్పని ఒప్పుకుని తరవాత ఎంత తప్పో వెతికిన మనిషిని ఈవిడనొక్కదాన్నే చూశాను. పావుగంట ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను కుర్చీలోంచి లేపుతుంది.

నోటు పుస్తకం

ఫోను పట్టుకుని రేవు రేవుకీ చేశాను. అక్కడి మా మనుషుల దగ్గర నొక్కిన అంకె తప్ప ఏమీ లేదు. "నీ పక్కన ఆడవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వవయ్యా," అన్నాను.

ఇచ్చారు. ఆ తరవాత విన్నది నేను మర్చిపోలేను. ఎవరూ తడుముకోలేదు. మొదటి వరస మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, పాఠం అప్పచెప్పినట్టు చదువుకుంటూ పోయారు. వచ్చాడు, వచ్చాడు, వీళ్ళొచ్చారు, వాళ్ళింకా వలలు దించుతున్నారు, వచ్చాడు. నేను నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయాను. ముందే ఉన్న పేరు మళ్ళీ వస్తే రాయను. ఎవరు ముందు చెప్పినా, ఒకే పేరు ఇద్దరు చెప్పినా, ఒకే మనిషి రెండుసార్లు చెప్పినా పుస్తకం చెడిపోదు. పెద్ద పెద్ద కంపెనీలు కట్టే పైప్‌లైన్లకి కావలసిన గుణం అదే. ఆ రేవు ఆడవాళ్ళకి అది పుట్టుకతో ఉంది. నేను దాన్ని దిష్టి అని నవ్వాను.

మొగ దగ్గర కూర్చున్న మనిషికి చివర్న చేశాను. అక్కడ ఆడవాళ్ళు లేరు, కాని ఆయనకి తాను నొక్కిన పడవలు గుర్తున్నాయి. చెప్పాడు. వాటిలో ఒకటి వీర్రాజు పడవ. వీర్రాజు పేరు పుస్తకంలో అప్పటికే ఉంది, లోపలి రేవు నుంచి.

పుస్తకంలో పేర్లు లెక్కపెట్టాను. వేలు పెట్టే లెక్కపెట్టాను, ఇక దిష్టి తగలడానికి ఏం మిగిలిందని. నలభై.

వీర్రాజుకి ఫోన్ చేశాను. "ఏం బాబూ, నీ పడవ రెండు రేవుల్లో ఉందేంటి?"

"ఉండదా మరి మావయ్యా? మధ్యాన్నం మేమొచ్చేటప్పటికి ఆటు. కాలవలో నీళ్ళెక్కడివి? మొగ దగ్గర కట్టేసుకుని, అన్నాలు తిని, పోటొచ్చాక లోపలికొచ్చాం. ఎప్పుడూ చేసేదేగా."

ఎప్పుడూ చేసేదే. ఆటు మీద వచ్చిన పడవ మొగలో ఆగుతుంది, పోటు ఎక్కాక లోపలికి వస్తుంది. సముద్రం పక్కన పుట్టినవాడికి ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. మిగతా పడవలు పోటు మీద వచ్చి నేరుగా లోపలికి వెళ్ళిపోయాయి, లేకపోతే మొగలోనే ఉండిపోయాయి. ఈ ఒక్కటే రెండుచోట్లా ఆగింది. పడవకి రెక్కలక్కర్లేదు. పోటు చాలు.

"పోతురాజుని చూశావా?" అని అడిగాను.

"మేం కలిసే వచ్చాం మావయ్యా. మడ అడవి ఎదురుగా ఆళ్ళ ఇంజను ఆగింది. తాడేద్దామంటే కెరటం దగ్గరికి రానివ్వలేదు. గెడ వేసి పాయలోకి దూరతాం, మీరు పొండి అని చెయ్యూపాడు. పాయలోంచి వచ్చేస్తాడని మొగలో కాచుకున్నాం. లోపలి రేవుకొచ్చి నేను చెప్దామనుకునేలోపే మైకులో అందరూ వచ్చేశారన్నారు. అయితే వేరే రేవుకి చేరుంటాడు అనుకున్నా."

అది విని నేను కుర్చీలో కూలబడ్డాను. ఆ రోజు మొత్తంలో కూర్చుంది అదే. నా లెక్క ఒక పడవని దాచింది, అది సరే. ఆ పడవని కళ్ళారా చూసిన మనిషి నోరు కూడా మూయించింది. తప్పు అంకె తలుపు వేస్తే పరవాలేదు, ఎవరైనా తీస్తారు. ఇది తలుపు దగ్గరికి వెళ్ళేవాణ్ణి కూడా, అక్కర్లేదులే, లోపల అందరూ ఉన్నారని వెనక్కి పంపేసింది.

మడ అడవి ఎదురుగా అని అధికారులకి చెప్పాం. బోటు వెళ్ళింది. గాలికి మొగ దాటలేక వెలుతురు ఉండగానే వెనక్కి వచ్చింది. తెల్లారాక మళ్ళీ వెళ్తామన్నారు.

ఎక్కువైన ఒకటి

తెల్లవారేసరికి నేను లోపలి రేవులో ఉన్నాను. తుపాను ఒంగోలు వైపు మళ్ళిందన్నారు. గాలి తగ్గింది, వాన సన్నగా పడుతోంది. తిరుపతమ్మ ఒడ్డున ఖాళీ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. నన్ను చూసి కొంచెం జరిగింది, నేనూ కూర్చుంటాననుకుని. నేను కూర్చోలేదు. ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాను.

"అన్నయ్యా, ఎక్కడన్నా కుదురుగా ఉండు. నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది. తరవాత, "నిన్న మీ మేడమ్ గారు నాకు ఫోన్ చేశారు. తప్పు మాది అన్నారు. నువ్వు చెయ్యలేదు" అంది.

"ఏం చెప్పాలో తెలియక చెయ్యలేదు."

"నోరూరుకోని మనిషివి. నీకూ తెలియలేదా!"

ఎనిమిది దాటాక కాలవ మలుపులో పెద్ద బోటు కనపడింది. దాని వెనక తాడు. తాడు చివర పోతురాజు పడవ. నలుగురూ ఉన్నారు. రాత్రంతా మడ చెట్లకి పడవని కట్టేసుకుని, నీళ్ళు తోడిపోసుకుంటూ కూర్చున్నారట. ఒకడికి చెయ్యి విరిగింది. పోతురాజు గొంతు పోయింది, అరిచి అరిచి. తిరుపతమ్మ లేచి నీళ్ళలోకి వెళ్ళింది. ఏడవలేదు. పడవ అంచు పట్టుకుని, వాళ్ళాయన్ని పైనుంచి కిందికి చూసి, "చెప్పులేవి?" అంది. పోతురాజు నవ్వాడు. నవ్వు కూడా గొంతులోంచి రాలేదు.

రేవులో మా మనిషి చాలా నిజాయితీపరుడు. అప్పగించిన పని వదలడు. పడవ ఒడ్డుకి తగలగానే జేబులోంచి ఫోను తీసి, ఒకసారి నొక్కాడు.

రెండు నిమిషాల్లో రత్నకుమారి గారు ఫోన్ చేశారు. ఆవిడ గొంతు మొదటిసారి తడబడటం విన్నాను. "నాంచారయ్య గారూ, వచ్చారా?"

"వచ్చారు మేడమ్. నలుగురూ."

"తెర ఎర్రబడిందండీ. నలభై ఒకటికి నలభై రెండు అంటోంది. అధికారులు అడుగుతున్నారు, ఎక్కువైనదాన్ని తీసెయ్యమంటారా అని."

"దాన్ని మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి మేడమ్. తియ్యాల్సింది నిన్నటిది. మొగ దగ్గరిది."

ఆవిడ నవ్వారు. నా మాటకి అదే రోజు మనసారా నవ్వడం అదే మొదలు.

తిరుపతమ్మ పక్కనే ఉండి అంతా వింది. తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ అడిగింది: "ఏంటన్నయ్యా, మేం మీ లెక్కలో ఎక్కువైపోయామా?"

జేబులోంచి నోటు పుస్తకం తీసి, పెన్ను తడిసిపోతే, పక్కనే ఉన్న వీర్రాజుని పెన్సిలడిగి, రేవు మెట్టు మీద కూర్చున్నాను.

"పేర్లు చెప్పమ్మా," అన్నాను. "మొదటినుంచి."

ఆమె మొదటి వరస మొదటి ఇంటివైపు చూసింది. తరవాత మనసు మార్చుకుని ఒడ్డున కూర్చుని నీళ్ళు తాగుతున్న మనిషివైపు తిరిగింది.

"పోతురాజు," అంది. "రాసుకో."